వీరదుర్గ పెట్టిన కట్టుబాటు

వీరదుర్గకి తలుపు మూయడం రాదు. తాడేపల్లిగూడెంలో మేం చదివిన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం కాబట్టి ఈ మాట ప్రమాణం చేసి చెప్పగలను. స్నానానికి వెళ్ళినా తలుపు తీసే ఉంటుంది, పడుకున్నా తీసే ఉంటుంది. వరండాలో పోయే ప్రతి పిల్లా లోపలికి తొంగిచూసి "అక్కా, తిన్నారా?" అని అడిగేది. నేను భీమడోలులో బడిపంతులు కూతుర్ని. మా ఇంట్లో తలుపు వేసుకునే చదువుకోవాలి. మొదటి నెలలోనే మా ఇద్దరికీ తలుపు మీద పోట్లాట వచ్చింది. "మా లంకలో పగలు తలుపేసుకుంటే లోపల ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని ఊరంతా వచ్చేస్తారు పెర్సిస్," అంది. ఆ తర్వాత నేను చెవుల్లో దూది పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు తను ఏలూరులో ఉద్యోగం చేస్తోంది. మొన్న వాళ్ళింటికి వెళ్తే అక్కడా తలుపు బార్లా తీసే ఉంది.

లంక అంటే కొల్లేటి నడుమ ఊరు. చుట్టూ నీళ్ళు, చేపల చెరువులు, గట్లు. వానలు పడితే పడవ తప్ప దారి ఉండదు. ఆ ఊరి నుంచి ఇంజినీరింగుకి వచ్చిన మొదటి ఆడపిల్ల వీరదుర్గ. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇనప్పెట్టె నిండా ఎండురొయ్యలూ, ఎండుచేపలూ, చేపల పచ్చడీ సర్దింది. తనకి మొదట ఇచ్చిన గదిలోని అమ్మాయిలు ముక్కులు మూసుకుని ఆ పెట్టెని వరండాలోకి నెట్టేశారు. వీరదుర్గ ఏడవలేదు. మెస్ నుంచి కంచంలో అన్నం తెచ్చుకుని, ఆ పెట్టె మీదే కూర్చుని, రొయ్యలపొడి కలుపుకుని తిన్నది. దారిన పోయేవాళ్ళని "ఓ ముద్ద తింటారా?" అని అడిగింది కూడా. వార్డెన్ ఎలిజబెత్ మేడమ్ అది చూసి, "పెర్సిస్, నీ గదిలో ఓ మంచం ఖాళీగా ఉందిగా," అన్నారు. అలా వచ్చి పడింది నా ప్రాణానికి. రొయ్యలపొడి మాత్రం అద్భుతంగా ఉండేది, ఆ మాట కూడా చెప్పాలి.

మరుసటి ఏడాది ఎలిజబెత్ మేడమ్ హాస్టల్లో ఒక కొత్త పద్ధతి పెట్టారు. ఒకే ప్రాంతం నుంచో, ఒకే రకం ఇళ్ళ నుంచో వచ్చిన పిల్లలు గుంపుగా కూడవచ్చు. పాత టీవీ గదిని ఆదివారం సాయంత్రాలు వంతుల మీద వాళ్ళకిస్తారు. లెక్చరర్లు ఎవరూ రారు, సీనియర్ పిల్లలే నడుపుకోవాలి. పోలవరం కొండల పిల్లలకి ఒక గుంపు, హిందీ మాట్లాడే పిల్లలకి ఒకటి, మా క్రైస్తవ పిల్లల ప్రార్థన గుంపు ఒకటి. నాకు గుంపులంటే పడదు. మా ప్రార్థన గుంపులోనే పాట పాడమంటారేమోనని వెనక వరసలో కూర్చుని ముందే లేచొచ్చేదాన్ని.

కొల్లేటి పిల్లల గుంపుకి వీరదుర్గ పెద్ద. తనని ఎవరూ ఎన్నుకోలేదు. తలుపు తీసి ఉన్న గది తనదే కాబట్టి అందరూ అక్కడికే వచ్చేవారు, అంతే. ఎంత వెక్కిరించినా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు, ఆ గుంపు వచ్చాక ఏ పిల్ల పెట్టె కూడా వరండాలోకి రాలేదు. క్లాసులో నోరెత్తని పిల్లలు ఆ టీవీ గదిలో మాత్రం గట్టిగా నవ్వేవారు. జ్వరం వస్తే ఒకరి తర్వాత ఒకరు కాపలా ఉండేవారు. లెక్కలు రాని జూనియర్‌ని సీనియర్ కూర్చోబెట్టి ఏడిపించి మరీ నేర్పించేది. ఒంటరిగా తినే పిల్ల ఉండకూడదన్నది వీరదుర్గ పెట్టిన మొదటి నియమం.

రెండో నియమం, గుంపులో అనుకున్నది దాటకూడదు. తను దాన్ని నియమం అనేది కాదు, కట్టుబాటు అనేది. ఆ మాట వాళ్ళ లంక నుంచి తెచ్చుకుంది. అక్కడ ఊరంతా ఒకచోట కూర్చుని, చెరువులో వల ఎప్పుడు దించాలి, ఏ కాలవకి ఎప్పుడు అడ్డుకట్ట వేయాలి అన్నది అనుకుంటారు. అనుకున్నాక ఎవరూ మీరకూడదు. మీరిన ఇంటిని తిట్టరు, కొట్టరు. మాట్లాడరు, పడవ ఎక్కించుకోరు, వాళ్ళ గుమ్మం తొక్కరు, వాళ్ళ నీళ్ళు తాగరు. అదే వెలి.

వీరదుర్గ చిన్నప్పుడు వాళ్ళిల్లు అలా వెలిలో ఉందట. వాళ్ళ నాన్న జగ్గారావుగారు ఊరు అనుకున్న రోజు రాకుండానే వల దించారు. "బడికి గట్టు మీద నడిచి, గండి దగ్గర పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగి వెళ్ళేదాన్ని. పడవ నా పక్కనుంచే పోయేది. అందులో నా క్లాసు పిల్లలే ఉండేవారు. ఒక్కరూ ఇటు చూసేవారు కాదు," అని చెప్పింది ఒకసారి. "మరి ఎలా పోయింది?" అన్నాను. "నాన్న అందరి ముందూ తప్పొప్పుకున్నాడు. ఊరివాళ్ళు మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగి తాగారు. మా ఊళ్ళో వెలి ఎత్తేయడమంటే అదే. నీళ్ళు తాగితే అయిపోయినట్టే, మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎంత గట్టి ఊరో చూడు," అంది. అది చెప్తున్నప్పుడు తన ముఖంలో గర్వం ఉంది. నీళ్ళలో పుస్తకాలు మోసిన పిల్ల ఊరిని చూసి గర్వపడటమేమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు, ఒళ్ళు మండింది కూడా.

మేం మూడో ఏడాదిలో ఉండగా లక్ష్మీప్రసన్న వచ్చింది. అదే లంక, రెండో ఆడపిల్ల. వాళ్ళ నాన్న కనకరాజుగారు పంపనంటే వీరదుర్గే సెలవుల్లో వాళ్ళింట్లో కూర్చుని, "నేనున్నాను కదా బాబాయ్, నా చెల్లెలు కాదా," అని ఒప్పించింది. పిల్ల సన్నగా ఉండేది, మాట మెత్తన. కానీ అనుకున్న మాట అనకుండా ఊరుకునేది కాదు. అది నాకు నచ్చేది.

ఆ ఏడు కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మ జాతర సరిగ్గా పరీక్షల ముందు పడింది. ఇంటికి వెళ్ళే వీల్లేదు. జాతరనాడు అందరూ కలిసి చేపల పులుసు వండుకుందామని గుంపు అనుకుంది. హాస్టల్లో పొయ్యి పెట్టకూడదు. వాళ్ళ వంతు సాయంత్రం కదా, వంట పొద్దున్నే కావాలి. వీరదుర్గ వెళ్ళి టీవీ గది తాళం పుష్పమ్మని అడిగింది. పుష్పమ్మ హాస్టల్ ఊడ్చి తుడిచే మనిషి. అందరూ ఆయమ్మా అని పిలిచేవారు, పేరెవరికీ పట్టేది కాదు. "పండగ కదమ్మా, తొందరగా ఇచ్చేయండేం," అని తాళంచెవి ఇచ్చింది ఆవిడ.

ఎవరో తెచ్చిన కరెంటు పొయ్యి మీద పులుసు ఉడికింది. దించబోతుండగా కరెంటు పోయింది. చీకటి గదిలో ఉక్కపోత ఎందుకని గిన్నె పట్టుకుని అందరూ డాబా మీదకి వెళ్ళిపోయారు. చివర్లో బయటికొచ్చింది వీరదుర్గ. పొయ్యి స్విచ్ ఆపాలన్న ఆలోచన తనకి రాలేదు, కరెంటే లేదు కదా. వాళ్ళు పైన వేళ్ళు నాక్కుంటూ ఉండగా కింద కరెంటు వచ్చింది. గిన్నె దించిన మసిగుడ్డ పొయ్యి పక్కనే పడి ఉంది. అది అంటుకుంది, తర్వాత కర్టెను, తర్వాత టీవీ బల్ల. వాచ్‌మన్ బకెట్లతో ఆర్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ గది నల్లగా అయిపోయింది.

తాళం పుష్పమ్మ దగ్గరుండాలి. పొయ్యి ఆవిడే టీ కాచుకోవడానికి పెట్టుకుందని ఆఫీసులో అనుకున్నారు. ఎలిజబెత్ మేడమ్ పిలిచి అడిగితే పుష్పమ్మ తల వంచుకుని, "తాళం నా దగ్గరే ఉందండి. నాదే తప్పండి," అంది. ఇంకో మాట చెప్పలేదు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు.

ఆ సాయంత్రం గుంపంతా మా గదిలో చేరింది. నేను నా మంచం మీద గోడవైపు తిరిగి పుస్తకం పట్టుకున్నాను. నేనున్నానన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఒక్కొక్క పిల్ల ముఖం పాలిపోయి ఉంది.

"మన పేరు బయటికొస్తే గుంపు మూసేస్తారు," అంది వీరదుర్గ. "గుంపు లేకపోతే మళ్ళీ ఎవరి పెట్టె వాళ్ళు వరండాలో పెట్టుకోవాలి. ఆయమ్మకేం కాదు, మేడమ్ మంచివారు, నాలుగు రోజులాగితే ఆవిణ్ణి పిలుస్తారు. ఎవరడిగినా తెలీదనే చెప్పాలి. ఇది కట్టుబాటు."

లక్ష్మీప్రసన్న నోరు తెరిచింది. "కానీ అక్కా, ఆవిడ మన పేరు..."

"అనుకున్నాం కదా ప్రసన్నా," అని వీరదుర్గ చెయ్యెత్తింది. అక్కడితో అందరూ లేచారు.

మర్నాడు లక్ష్మీప్రసన్న ఒక్కతే ఆఫీసుకి వెళ్ళి ఎలిజబెత్ మేడమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పుష్పమ్మని పనిలోకి పిలిచారు. టీవీ గదికి కొత్త తాళం పడింది. కొల్లేటి గుంపుని ఆ ఏడాదికి రద్దు చేస్తున్నామని నోటీసు బోర్డులో పెట్టారు. వీరదుర్గని మేడమ్ ఏమన్నారో నాకు తెలీదు. వచ్చి గోడకానుకుని కూర్చుంది.

ఆ రోజు నుంచి మొదలైంది. ఎవరూ లక్ష్మీప్రసన్నని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అనొచ్చు. మెస్‌లో ఆ పిల్ల కంచం తెచ్చుకుని కూర్చుంటే, పక్కవాళ్ళు తొందరేమీ లేకుండా తినడం ముగించి లేచి వెళ్ళేవారు. తన గదిలో మిగతా ఇద్దరూ గుంపు పిల్లలే. వాళ్ళు తనున్నవైపు చూడకుండానే బట్టలు మడత పెట్టుకునేవారు, దీపం ఆర్పేవారు. ఫోన్లో ఉన్న పాత వాట్సాప్ గుంపులోంచి అందరూ వెళ్ళిపోయి కొత్తది పెట్టుకున్నారు. పాతదాంట్లో లక్ష్మీప్రసన్న ఒక్కతే మిగిలింది. అందులో రోజూ పొద్దున్నే "గుడ్ మార్నింగ్ అక్కా" అని పెట్టేదట.

ఆ పిల్ల క్లాసులకి వెళ్ళడం మానేసింది. ఒక మధ్యాహ్నం వాళ్ళ గది ముందునుంచి పోతూ చూస్తే దుప్పటి కప్పుకుని వణుకుతోంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. మెస్ నుంచి గంజి తెచ్చి, మాత్ర వేసి, పక్కన కూర్చున్నాను.

"మీరెందుకు వచ్చారక్కా, మీ మీద కోపం వస్తుంది దుర్గక్కకి," అంది.

"రానీ. నాకు అంతకంటే ఎక్కువ కోపం ఉంది. నువ్వు నాతో కలిసి తిను, మా ప్రార్థన గుంపులో కూర్చో, పాటలు భరించగలిగితే."

నవ్వింది గానీ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "మీరు మంచోరక్కా. కానీ మీరు మాట్లాడితే నాకు సరిపోదు. వాళ్ళు మా వాళ్ళు. ఊరికెళ్ళినా చుట్టూ వాళ్ళ ఊళ్ళే కదా. నాన్నకి ఫోన్ చేశాను, వచ్చి తీసుకెళ్ళిపొమ్మని."

"చదువు?"

దుప్పటి మొహం మీదికి లాక్కుంది. చెప్పనక్కర్లేదు. ఒకసారి లంక చేరితే ఆ పిల్లని మళ్ళీ ఎవరూ పంపరు. ఆ తర్వాత వచ్చే ఆడపిల్లల్నీ పంపరు. కనకరాజుగారమ్మాయి ఉండలేక వచ్చేసిందన్న మాట ఒక్కటి చాలు ఆ చుట్టుపక్కల తండ్రులందరికీ.

నేను సరాసరి మా గదికి వెళ్ళి వీరదుర్గ ముందు నిలబడ్డాను.

"ప్రసన్న వెళ్ళిపోతోంది. వాళ్ళ నాన్న వస్తున్నాడు. నీకు తెలుసా?"

తను తల ఎత్తలేదు. "తెలుసు."

"జ్వరంతో పడుంటే గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఒంటరిగా తినే పిల్ల ఉండకూడదని నియమం పెట్టిన మహాతల్లివి నువ్వేనా?"

"నీకు తెలీదు పెర్సిస్. నువ్వు బయటిదానివి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "బయటిదాన్నే. ఇన్నాళ్ళుగా నీ రొయ్యలపొడి తింటున్న బయటిదాన్ని," అన్నాను.

"ఒక్కమాట అనమను," అంది వీరదుర్గ. "తప్పయిందని అందరి ముందూ ఒక్కమాట. ఆ క్షణమే కలిపేసుకుంటాం. నేను ఒక్కదాన్నే ఎత్తేస్తే గుంపు నిలబడదు. మిగతావాళ్ళు నా మొహం మీదే అంటున్నారు, నీ ఊరి పిల్ల కాబట్టి వెనకేసుకొస్తున్నావని. మా నాన్న మీసమున్న మగాడు, ఊరందరి ముందూ తప్పయిందన్నాడు. ఇది అనలేదా?"

"ఏం తప్పు చేసిందని అనాలి?"

తను లేచింది. నన్ను దాటుకుని బయటికి వెళ్ళింది, వెళ్తూ వెళ్తూ తలుపు లాగి వేసింది. నాతో ఉన్నన్నాళ్ళలో తను తలుపు వేయడం అదే మొదటిసారి. నాకు కావలసిన నిశ్శబ్దం దొరికింది గానీ ఒక్క అక్షరం చదవలేకపోయాను.

తర్వాతి ఉదయం ఏలూరు బస్సులో కనకరాజుగారు దిగారు. కాలేజీ తెలీదని తోడుగా జగ్గారావుగారిని తెచ్చుకున్నారు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, హాస్టల్ ముందు వరండాలో బెంచీ చివర ఒదిగి కూర్చున్నారు. మెట్ల మీద గుంపు పిల్లలంతా వరసగా నిలబడ్డారు. నేను స్తంభం పక్కన ఉన్నాను.

వీరదుర్గ వాళ్ళ నాన్నని చూసి పరిగెత్తుకుంటూ వచ్చి, కనకరాజుగారిని చూసి ఆగిపోయింది.

"ఏమ్మా దుర్గా, బాగున్నావా?" అన్నారు కనకరాజుగారు. "మా అమ్మాయిని తీసుకెళ్ళిపోదామని వచ్చేమమ్మా. ఉండలేనంటంది. ఎవరేమన్నారే అంటే చెప్పదు. ఎవరూ ఏమన్లేదు నాన్నా అంటది. నీకేమన్నా తెలుసామ్మా?"

ఆయన గొంతులో నింద లేదు, నమ్మకం ఉంది. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. వీరదుర్గ పాపం పారిపోలేదు. చేతులు కట్టుకుని చెప్పింది. పులుసు వండటం, గది కాలడం, ఆయమ్మ మీద పడటం, అందరూ ఒక మాట అనుకోవడం, ప్రసన్న వెళ్ళి చెప్పేయడం. "అందుకని వెలి పెట్టాం," అంది వాళ్ళ నాన్న వైపు చూస్తూ. ఆయనకి అర్థమవుతుందన్న ధీమా తన ముఖంలో కనిపించింది.

జగ్గారావుగారు లేచి నిలబడ్డారు.

"ఎవరు పెట్టేరు?"

"అందరం. నేనే పెద్దని. తప్పయిందని ఒక్కమాట అంటే చాలు నాన్నా, నువ్వన్నట్టే."

"నేనన్నానని నీకెవరు చెప్పేరు?"

"ఊరంతా చెప్తారుగా."

"ఊరు చెప్పుకుంటది. ఊరి పరువు ఊరికి కావాలి కదా. మళ్ళీ కలిసిపోయేం, ఇంకెందుకులే అని నేనూ కాదన్లేదు," అన్నారాయన. "వల దించిన మాట నిజం. తప్పు నాదే. కానీ ఒప్పుకోలేదమ్మా. మొండోణ్ణి. నువ్వు జొరమొచ్చి కళ్ళు తేలేస్తే, ఆసుపత్రికి తీసుకెళ్దామంటే పడవ ఇచ్చేవోడు లేడు. అప్పుడు వీళ్ళమ్మ," అని కనకరాజుగారి భుజం మీద చెయ్యి వేశారు. "పాపాయమ్మ పిన్ని. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా వచ్చి మన గుమ్మంలో కూర్చుంది. తప్పొప్పుకుంటావా అని అడగలేదు. 'దాహమేస్తంది జగ్గా, కాసిని మంచినీళ్ళియ్యరా' అంది. ఆవిడ తాగేసేక ఇంకెవరేమంటారు? ఒక్కొక్కళ్ళే వచ్చి తాగేరు. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ కనకరాజు పడవే."

వీరదుర్గ కనకరాజుగారి వైపు చూసింది.

"ఆవిడ మనవరాలమ్మా ప్రసన్న," అన్నారు జగ్గారావుగారు. "నువ్వు ఆ పిల్లకి నీళ్ళు మాన్పించేవు."

వీరదుర్గ ముఖంలో రంగు పోయింది. గుంపు పిల్లలు కళ్ళు దించుకున్నారు. వాళ్ళ మధ్యలోంచి మెట్లెక్కి పైకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను, గుంపూ కదిలింది.

లక్ష్మీప్రసన్న సర్దిన పెట్టె పక్కన పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. జ్వరం తగ్గింది గానీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వీరదుర్గ గుమ్మంలో ఆగింది.

"ప్రసన్నా, దాహమేస్తంది. కాసిని మంచినీళ్ళియ్యి," అంది.

లంక పిల్లలకి ఆ మాటంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. నా పక్కనున్న పిల్ల చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీప్రసన్న మంచం మీదున్న స్టీలు సీసా వైపు చూసింది, ముట్టుకోలేదు.

"నేను తప్పయిందని అననక్కా."

"అనొద్దు. తప్పు నాది. పొయ్యి ఆపనిదీ నేనే, ఈ పని చేసిందీ నేనే."

ఇచ్చేస్తుందనుకున్నాను. ఆ పిల్ల చెయ్యి సీసా దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చేసింది.

"మీరు ముందు అడగాల్సింది నన్ను కాదక్కా," అంది. "పుష్పమ్మగారిని. ఆవిడ మన గుంపు కాదు, మన ఊరు కాదు, ఆవిడకి ఏ కట్టుబాటూ లేదు. అయినా మన పేరు చెప్పలేదు. ఆవిడ నీళ్ళు మీరు తాగితే నా నీళ్ళిస్తాను."

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే నీళ్ళ కథలు వేరు. మంచినీళ్ళ చెరువు గట్టు కింద కుండ పెట్టుకుని, పైనుంచి ఎవరైనా దయదలిచి పోస్తారేమోనని నిలబడ్డ కథలు. పుష్పమ్మ మా భీమడోలు మనిషి కాకపోయినా మా వాళ్ళ మనిషే. ఆ చేతి నీళ్ళు అడగమంటోంది లక్ష్మీప్రసన్న. హాస్టల్లో ఇప్పుడెవరు అవన్నీ చూస్తారు అంటారు. చూడరు, నిజమే. కానీ అందరికీ తెలుసు. వీరదుర్గకీ తెలుసు. ఏం చేస్తుందోనని తన ముఖం కేసే చూస్తూ నిలబడ్డాను.

తను వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

పుష్పమ్మ పెరట్లో కుళాయి దగ్గర తుడుపుగుడ్డలు పిండుతోంది. పనిలోకి తిరిగొచ్చినప్పటి నుంచి గుంపు పిల్లలెవరూ ఆవిడ కళ్ళలోకి చూడలేదు. ఇప్పుడు అందరూ ఒక్కసారి వచ్చేసరికి బెదిరి లేచి నిలబడింది. చప్పుడుకి ముందు వరండాలోంచి తండ్రులిద్దరూ కూడా వచ్చారు.

"ఆయ..." అని వీరదుర్గ ఆగింది. "పుష్పమ్మగారూ, దాహమేస్తందండి. కాసిని మంచినీళ్ళిస్తారా?"

"అక్కడ కూలరులో చల్లటియ్యి ఉన్నాయి కదమ్మా."

"మీ సీసాలోవి ఇయ్యండి."

పుష్పమ్మ తడి చేతులు చెంగుకి తుడుచుకుంది. గోడ పక్కన సంచిలో ప్లాస్టిక్ సీసా ఉంది. దాన్ని తీసింది గానీ అందించలేదు.

"అడిగేదేదో ఆ రోజే అడగాల్సిందమ్మా," అంది. "మీరు చిన్నపిల్లలు, చదువుకునేవాళ్ళు, మీకు మచ్చ రాకూడదని నా నెత్తినేసుకున్నాను. మీరొచ్చి ఓ మాట అంటారని ఎదురు చూసేను. మా మనవరాలు బళ్ళో మొహమెత్తుకోలేకపోయింది, మీ అమ్మమ్మ హాస్టల్ తగలబెట్టిందంట కదా అంటే."

"అవునండి," అంది వీరదుర్గ. ఒక్క సాకు చెప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది.

పుష్పమ్మ ఆ చేతికేసి చూసింది, చుట్టూ నిలబడ్డవాళ్ళందరికేసీ చూసింది. ఇవ్వదేమో అనుకున్నాను. ఇవ్వకపోయినా తప్పు లేదనుకున్నాను. చివరికి మూత తీసి సీసా అందించింది.

మామూలుగా మనం ఇంకొకరి సీసా అయితే ఎత్తి నోట్లో పోసుకుంటాం. వీరదుర్గ మూతి పెట్టి తాగింది. గుటక గుటకా అందరికీ వినపడింది.

తాగి, సీసా తిరిగి ఇవ్వబోతుంటే, నా వెనకనుంచి లక్ష్మీప్రసన్న ముందుకొచ్చింది. ఎప్పుడు కిందికి దిగిందో ఎవరమూ చూడలేదు. వీరదుర్గ చేతిలోంచి ఆ సీసా తీసుకుని తనూ మూతి పెట్టి తాగింది. తర్వాత తన స్టీలు సీసా వీరదుర్గ చేతిలో పెట్టింది, వీరదుర్గ ఆ నీళ్ళూ తాగింది. గుంపులో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ పిల్ల చుట్టూ నిలబడ్డారు. ఎవరో భోరుమని ఏడ్చారు. ఎవరో అని ఎందుకు, నేనే.

"నా నీళ్ళన్నీ అవగొట్టేశారు," అంది పుష్పమ్మ ఖాళీ సీసా ఊపుతూ. వీరదుర్గ అది అందుకుని నింపి తేవడానికి కూలరు దగ్గరికి వెళ్ళింది.

కనకరాజుగారు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంటి దగ్గర పాపాయమ్మగారు మనవరాలి కోసం ఎదురు చూస్తున్నారు, ఏ బస్సుకి వస్తున్నారని అడగడానికి అప్పటికే ఒకసారి చేశారు.

"మామ్మకేం చెప్పమంటావే?" అని అడిగారు కూతుర్ని.

"నీళ్ళు తాగేరని చెప్పండి నాన్నా," అంది లక్ష్మీప్రసన్న.